కత్తిరేకు కొండ మీద పొన్నుకర్రలు

కత్తిరేకు కొండను దూరం నుంచి చూసినవాళ్ళెవరూ దాన్ని కొండ అనరు. ఆకాశాన్ని నిలువునా చీల్చడానికి ఏ రాక్షసుడో నేలలో గుచ్చి వదిలేసిన కత్తి అంటారు. దాని మొదట్లో దేవదారు వనాలు. వాటిలో పట్టపగలు కూడా పచ్చటి చీకటి. వనాల మీద జేగురు రంగు బండలు, బండల మీద నెమలి మెడలా మెరిసే పలకరాళ్ళు, అన్నిటికీ మీద నడివేసవిలోనూ కరగని మంచుబయలు. ఆ మంచుబయలు అవతలి గుహలో ఉల్కాముఖుడనే మాంత్రికుడు కాపురమున్నాడు. అతని దగ్గర ఒక తెల్లటి శంఖం ఉంది. ఆ శంఖంలో చంద్రశిలా రాజ్యాన్నేలే ధర్మశీల మహారాజు గొంతు ఉంది.

వైద్యుడి వేషంలో వచ్చి, దగ్గుకు మందని పానకం తాగించి, రాజు గొంతును శంఖంలోకి లాగేసుకుని మాంత్రికుడు మాయమై నెలన్నర అయింది. అప్పటినుంచి మహారాజు సైగలతో కాలం వెళ్ళబుచ్చుతున్నాడు. అదొక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవారు. సరిహద్దు కోటను కాసే సేనాపతి ముద్రలను నమ్మడు, లేఖలను నమ్మడు; రాజు గొంతు చెవిన పడితేనే తలుపు తీస్తాడు. మోసం జరిగిందని చెప్పడానికి వెళ్ళిన మంత్రినే బంధించి కూర్చోబెట్టాడు. పున్నమినాడు ఉల్కాముఖుడు పల్లకి తెర వెనక కూర్చుని ఆ గొంతుతో “తలుపులు తెరవండి” అనబోతున్నాడు. కోట బయట శత్రుసైన్యం ఆ మాట కోసమే కాచుకుని ఉంది. పున్నమికి ఇక నాలుగు రోజులే.

ఆ ఉదయం దేవదారు వనంలో ఇద్దరు మనుషులు వీపున ఉప్పు బుట్టలతో బయలుదేరారు. ముందు నడిచేది పోలమ్మ. నలభై ఏళ్ళు దాటిన కొండమనిషి, ఎండుచేపలా బక్కగా ఉంటుంది, ఇరవై ఏళ్ళుగా ఈ కొండ దాటి ఉప్పు మోస్తోంది. వెనక నడిచేవాడు యువరాజు అరిందముడు. కత్తిసాములో మూడు రాజ్యాల వీరుల్ని ఓడించినవాడు. గుహలోని శంఖం తేవడానికి ఉప్పు మోసేవాడి వేషం వేసి, తాతగారి కత్తిని గొంగళిలో చుట్టి బుట్టకు కట్టుకున్నాడు.

బయలుదేరేముందే పోలమ్మ అతని చేతికి రెండు కర్రలు అందించింది. బొటనవేలంత లావు గట్టి వెదురు, చివర ఇనుప పొన్ను, పైన మణికట్టుకు తగిలించుకోవడానికి తోలు ఉచ్చు. అలాంటివే ఇంకో రెండు ఆమె చేతుల్లో ఉన్నాయి.

“ఇవెందుకు?” అన్నాడు అరిందముడు.

“నడవడానికి బాబూ. ఈ కొండ రెండు కాళ్ళతో దాటేది కాదు. బుట్ట బరువంతా మోకాళ్ళ మీద పడకుండా చేతులు పంచుకుంటాయి.”

అరిందముడు నవ్వాడు. “మూడోకాలు ముసలివాడికి, నాలుగోకాలు పశువుకు. నేను రెండూ కాను పోలీ. ఈ చెయ్యి పట్టుకుంటే కత్తే పట్టుకుంటుంది.”

“మా ఆయనా ఇట్లాగే అనేవాడు,” అంది పోలమ్మ. “ముప్ఫై అయిదేళ్ళకే మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు గుడిసెలో కూచుని తాళ్ళు పేనుతున్నాడు. సరే, మోకాళ్ళు నీవి, నీ ఇష్టం.” ఆ కర్రలు రెండూ చెట్టుకొమ్మకు తగిలించి, వెనక్కి చూడకుండా నడక సాగించింది.

మొదటి రెండు ఘడియలూ యువరాజే ముందున్నాడు. బండల దారి మొదలయ్యేసరికి పోలమ్మ అతని పక్కకు వచ్చింది. కర్రలు పొట్టిగా పట్టుకుని, ఎడమ కాలుతో కుడి కర్ర, కుడి కాలుతో ఎడమ కర్ర, తకధిమి తకధిమి అన్నట్టు నడుస్తోంది. ఆయాసమన్నదే లేదు. అతన్ని దాటి వెళ్ళిపోయింది. అరిందముడికి తొడలు మంటలెత్తుతున్నాయి. బుట్ట వెనక్కి లాగుతోంది. ప్రతి మెట్టుకూ అరచేతులు మోకాళ్ళకు ఆన్చి లేస్తున్నాడు.

ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతో దిగివస్తూ పోలమ్మను పలకరించారు. ఒకతె అరిందముణ్ణి ఎగాదిగా చూసి, “పోలక్కా, ఈ ఎద్దును ఏ సంతలో కొన్నావే? నాలుక బయటపెట్టేసిందే పాపం!” అంది. ముగ్గురూ కొండ మారుమోగేలా నవ్వి పోయారు.

మూడు రాజ్యాల వీరుల ముందు వంగని తల ఆ నవ్వుకు వేడెక్కిపోయింది.

కాస్త పైన ఊటబావి ఉంది. పోలమ్మ బుట్ట దించి, కర్రలు బండకు ఆనించి, సొరకాయ బుర్రతో నీళ్ళకు దిగింది. అరిందముడు ఆ కర్రల వంక చూశాడు. ‘ఇవి లేకుండా నడువు, అప్పుడు తెలుస్తుంది ఎద్దెవరో’ అనుకున్నాడు. ఒక కర్ర అందుకుని లోయలోకి విసిరేశాడు. అది బండలకు తగిలి టంగుమని, ఇంకా కిందెక్కడో మళ్ళీ టంగుమంది. రెండో చప్పుడు వినపడే లోపే, ఆ కర్ర తిరిగి చేతిలోకి వస్తే బాగుండునని అతనికి అనిపించింది. లోయ ఏదీ తిరిగి ఇవ్వదు.

పోలమ్మ నీళ్ళతో వచ్చింది. “ఇంకో కర్రేది?”

“కోతి... కోతి ఎత్తుకుపోయింది,” అన్నాడు చంద్రశిల యువరాజు.

పోలమ్మ చుట్టూ చూసింది. చెట్టు లేదు, పొద లేదు, ఉన్నవన్నీ రాళ్ళే. “ఓహో,” అంది. బుట్ట ఎత్తుకుని, మిగిలిన కర్ర పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది. “ఇక్కణ్ణుంచి పలకరాళ్ళ దిగుడు. ఆ శిఖరం మీద కూచున్నది చూశావా? మాంత్రికుడి రాతి రాబందు. మనుషులు నడిస్తే మేలుకోదు. రాళ్ళు దొర్లితే మేలుకుంటుంది. కాలు జారనివ్వకు.”

ఎత్తు దాటి అవతలివైపు దిగడం మొదలుపెట్టారు. ఎక్కడం కంటే దిగడమే కష్టమని అరిందముడికి అప్పుడు తెలిసింది. కాలు పెట్టిన ప్రతి పలకా కదులుతోంది. ముందు పోలమ్మ కర్రను తన కింద మెట్టుకు ఆన్చి, బరువు దాని మీద వేసి, ఆ తర్వాతే కాలు దించుతోంది. కాని ఒక్క కర్రే. ఆ కర్ర లేని వైపు, అంటే ఎడమవైపు, దిగిన ప్రతిసారీ బుట్ట బరువంతా ఆ మోకాలి మీద పడుతోంది. ఆమె ఒళ్ళు ఆ పక్కకు ఒరగడం అరిందముడు వెనకనుంచి చూస్తూనే ఉన్నాడు. నోరు తెరిచి చెబుదామని రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ నోరు రాలేదు.

పదహారో మలుపు దగ్గర ఆ మోకాలు మడతపడింది.

పోలమ్మ పక్కకు ఒరిగింది. ఆన్చుకోవడానికి ఎడమచేతిలో ఏమీ లేదు. బుట్టతో సహా పలకరాళ్ళ మీద పడి జరజరా జారింది. ఎండుకట్టె విరిగినట్టు ఫట్‌మంది ఆమె కాలు. ఆమె వెంట వంద రాళ్ళు దొర్లాయి, వాటి వెంట వేయి రాళ్ళు. కొండంతా గలగలమంది.

శిఖరం మీది రాయి కళ్ళు తెరిచింది. నల్లటి రెక్కలు విప్పగానే వాటిమీది నాచు పెచ్చులు పెచ్చులుగా రాలింది. తిరగలి రాళ్ళు ఒరుసుకున్న చప్పుడుతో రాతి రాబందు నేరుగా దూసుకొచ్చింది. అరిందముడు గొంగళి లాగిపారేసి కత్తి దూశాడు. ఒక్క ఎగురు ఎగిరి దాని మెడ మీద వేటు వేశాడు. నిప్పురవ్వలు లేచాయి, రాతికి గీత కూడా పడలేదు. ఆ ఊపుకు అతని కాళ్ళ కింద పలకలు జారిపోయాయి. వెల్లకిలా పడి, ఏ ఆధారమూ దొరక్క, లోయ అంచుదాకా జారాడు. సగం ఒళ్ళు గాలిలో ఉంది.

“పట్టుకో!”

విరిగిన కాలితో బోర్లా పడి ఉన్న పోలమ్మ తన కర్రను అతనివైపు చాచింది. అరిందముడు తోలు ఉచ్చులో చెయ్యి దూర్చాడు. ఆమె ఒక బండను కావలించుకుని, కేక పెట్టి, అతన్ని పైకి లాగింది. ఇంతలో రాబందు తిరిగొచ్చింది. పోలమ్మ తన ఉప్పు బుట్టను దాని గోళ్ళ కిందికి తోసేసింది. బరువైనది ఏదో దొరికిందని రాతిపక్షి దాన్ని ఒడిసిపట్టి, మబ్బుల్లోకి ఎగిరి, కనుమరుగైపోయింది. ఉప్పు మాత్రం వడగళ్ళలా రాలింది.

కొంతసేపు ఇద్దరూ రొప్పుతూ పడుకున్నారు.

“దెబ్బలేమైనా తగిలాయా బాబూ?” అంది పోలమ్మ.

ఆ మాట విని అరిందముడు తల దించుకున్నాడు. ఆమె కాలు మోకాలి కింద అడ్డదిడ్డంగా తిరిగి ఉంది. “అక్కా,” అన్నాడు. అంతవరకు ఆమెను పోలీ అనడమే తప్ప అలా పిలవలేదు. “కోతి ఎత్తుకుపోలేదు. నేనే లోయలోకి విసిరేశాను.”

“తెలుసు. ఇంత ఎత్తున కోతి బతకదు.”

“తెలిసి అడగలేదేం?”

“అడిగితే ఇంకో అబద్ధం ఆడతావు. దారిన పోతున్నప్పుడు ఒక అబద్ధమే బరువు. రెండోది నీ చేత ఎందుకు మోయించడం?” అంటూ కాలు కదిపి, అబ్బా అని పెదవి కొరుక్కుంది. “తర్వాత ఏడుద్దువుగాని. ముందు కాలు కట్టు.”

అరిందముడు తలపాగా చించి, రెండు పలకరాళ్ళు దబ్బలుగా పెట్టి కాలు కట్టాడు. తన బుట్టలోని ఉప్పు పారబోసి అందులో ఆమెను కూర్చోబెట్టుకుని వీపుకెత్తుకున్నాడు. నాలుగు అడుగులు వేసేసరికి మోకాళ్ళు వణికాయి.

“కర్ర తీసుకో,” అంది వెనకనుంచి.

“ఒకటే ఉంది.”

“ఆ కత్తి ఉందిగా?”

తాతగారి కత్తి. ఏనుగు దంతపు పిడి, చండ్రకర్ర ఒర. పట్టాభిషేకాల్లో పూలు వేసి పూజించే కత్తి. అరిందముడు దాన్ని ఒరలో పెట్టి, ఒర చివర నేలకు ఆన్చాడు. అది రాళ్ళ సందున బురదలోకి జానెడు దిగింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. చూసేవాళ్ళెవరూ లేరు, ఒక్క పోలమ్మ తప్ప, ఆమె నవ్వలేదు.

“కుడిచేతి కర్ర ముందు పెట్టు. ఊహూ, అంత దూరం కాదు. దిగేటప్పుడు కర్ర తల మీద అరచెయ్యి వెయ్యి, బరువు దానికివ్వు, ఆపైన కాలు. ఆఁ. ఇప్పుడు ఎడమది. వేళ్ళు అంత బిగించకు, ఉచ్చే నీ చేతిని మోస్తుంది.”

యాభై అడుగులు తడబడ్డాడు. తర్వాత నాలుగు దెబ్బల లయ దొరికింది. మోకాళ్ళలో కొట్టుకుంటున్న నొప్పి భుజాల్లోకి, చేతుల్లోకి పాకి పలచబడింది. మంచు కరిగిన వాగు అడ్డమొచ్చింది. నడుములోతు నీళ్ళు, పాలనురుగులా దూకుతున్నాయి. “మూడు నేలమీద ఉంచి నాలుగోది కదుపు,” అంది పోలమ్మ. రెండు కాళ్ళు, రెండు కర్రలు. వాటిలో ఏ మూడైనా అడుగున పాతుకుని, నాలుగోదాన్ని వెతికి పెడుతూ, వీపున మనిషితో వాగు దాటాడు. పొద్దున అతను నాలుగోకాలు పశువుకని వెక్కిరించాడు. ఇప్పుడు అదే లేకపోతే ఇద్దరూ వాగు పాలయ్యేవారే. ఆ మాట పోలమ్మ గుర్తుచేయలేదు. గుర్తుచేసి తిట్టినా అతనికి ఇంత కష్టంగా ఉండేది కాదు.

వాగు అవతలి ఎత్తు మళ్ళీ ఎక్కి, పొద్దు వాలకముందే మంచుబయలు అంచున ఉప్పువాళ్ళ మజిలీకి చేరారు. నాలుగు రాతి గుడిసెలు, పొగ, మేకలు. మనుషులు గబగబా వచ్చి పోలమ్మను దించారు. ఆమె తమ్ముడు బయ్యన్న, మంచుదారి తెలిసినవాళ్ళలో మేటి, అక్క కాలు చూసి బిత్తరపోయాడు. “ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ పడనిదానివి, ఎట్లా పడ్డావక్కా?”

“రాయి దొర్లింది,” అంది పోలమ్మ.

అందరూ అయ్యో అన్నారు. ఒక ముసలమ్మ అరిందముడి తల నిమిరి, “పోన్లే, ఈ పిల్లాడు మోసుకొచ్చాడు, చల్లగుండాలి,” అంది. అక్కడితో ఊరుకోవచ్చు. పోలమ్మ కళ్ళతో ఊరుకోమంటూనే ఉంది. కాని తల మీది ఆ చెయ్యిని అరిందముడు భరించలేకపోయాడు.

“రాయి కాదు,” అన్నాడు. “ఆమె కర్ర నేనే పారేశాను. నాకంటే బాగా నడుస్తోందని ఓర్వలేక.”

బయ్యన్న అతని చెంప ఛెళ్ళుమనిపించాడు. యువరాజును పుట్టి బుద్ధెరిగాక కొట్టినవాడు లేడు. అరిందముడు చెయ్యి ఎత్తలేదు. ఎవరూ అడ్డు రాలేదు. ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. చెంపదెబ్బ కంటే అదే ఎక్కువ తగిలింది.

“ఈ మనిషితో మంచు మీదికి ఎవరూ రారు,” అన్నాడు బయ్యన్న.

“శంఖం తేకపోతే ఆ సైన్యం మొదట పడేది మన గుడిసెల మీదేరా,” అంది పోలమ్మ నొప్పిని దిగమింగుతూ. “నాకే కోపం లేనప్పుడు నీకెందుకు?”

మరునాడు తొలివెలుగు రాగానే, మంచు ఇంకా గట్టిగా ఉండగానే, బయ్యన్న వచ్చి అరిందముడి నడుముకు తాడు కట్టాడు. రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు. పొన్నుకు పైన వెదురుచుట్టు అల్లిన మంచుకర్రలు రెండు అతని ముందు పడేశాడు. “ముందు నువ్వు నడువు. పొడిచి చూడు. గట్టిగా తగిలితే అడుగు వెయ్యి, కర్ర దిగిపోతే ఆగు. నాతో మాట్లాడకు.”

మంచుబయలు మీద ఎండ పడగానే లక్ష అద్దాలు ఒక్కసారి తెరిచినట్టయింది. నీలం, గులాబి, బంగారం. ఆ అందం కింద ఎక్కడ గొయ్యి నోరు తెరిచి ఉందో కంటికి తెలియదు. అరిందముడు కుడికర్రతో పొడిచాడు. గట్టి. అడుగు. ఎడమకర్ర. గట్టి. అడుగు. మూడు చోట్ల కర్ర సగందాకా దిగిపోయింది. మూడుసార్లూ వెనక్కి వచ్చి చుట్టూ తిరిగాడు. వెదురుచుట్టు లేకపోతే కర్రే మంచులో మాయమయ్యేది. వెనక ఇరవై బారల దూరాన బయ్యన్న వస్తున్నాడు. యువరాజు వేసిన అడుగుల్లో అడుగు వేయడం అతనికి ఇష్టం లేదు. రెండు బారలు పక్కగా, తన దారి తాను చూసుకుంటూ నడుస్తున్నాడు.

“అన్నా, నా అడుగుల్లోనే రా,” అన్నాడు అరిందముడు ఆగి.

“నీ అడుగుల్లోనా? థూ,” అన్నాడు బయ్యన్న.

ఆ మాట నోట్లో ఉండగానే అతని కింద మంచు ఊపిరి వదిలినట్టు హూఁ అని కుంగింది. మనిషి మాయమయ్యాడు.

తాడు బిగుసుకుంది. అరిందముడు మంచు మీద బోర్లా పడి వెనక్కి ఈడ్చుకుపోయాడు. గొయ్యి అంచు ఇంకా అయిదు బారలు, మూడు బారలు... రెండు కర్రలనూ మధ్యలో పట్టి, పొన్నులు కిందికి తిప్పి, ఛాతీ కిందినుంచి, ఒంటి బరువంతా వేసి మంచులోకి దిగవేశాడు. పొన్నులు కింది గట్టి మంచును కరిచాయి. ఈడుపు ఆగింది. నడుము తెగిపోతున్నట్టుంది. కింద నీలిచీకటిలో బయ్యన్న వేలాడుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదుటి గుహ తలుపు తెరుచుకుంది. బొగ్గుతో చేసిన బొమ్మల్లాంటి ఎనిమిదిమంది బోయీలు ఒక పల్లకి మోస్తూ మంచు మీదికి వచ్చారు. వాళ్ళ పాదాలు మంచుకు తగలడం లేదు. ఉల్కాముఖుడు పున్నమికి ముందే కోటకు బయలుదేరాడు! రాయి విసిరితే తగిలేంత దగ్గరగా పల్లకి వచ్చి ఆగింది. తెర వెనకనుంచి గొంతు వినిపించింది. చిన్నప్పుడు అతన్ని భుజాల మీద ఎత్తుకుని తోటలో పూల పేర్లు చెప్పిన గొంతు. నెలన్నరగా అంతఃపురంలో ఎవరూ వినని గొంతు.

“ఏమిటది?” అంది మహారాజు గొంతు.

“ఎవరో గోతిలో పడ్డట్టున్నారు ప్రభూ,” అన్నాడు ఒక బోయీ.

“ఉప్పు మోసే కూలీలేగా. చస్తే చావనివ్వండి, పదండి.”

తండ్రి గొంతులో తండ్రి ఏనాడూ అనని మాట. నిన్న పొద్దున దేవదారు చెట్టు కింద తాను పోలమ్మతో మాట్లాడిన తీరులోనే ఉంది ఆ మాట. అరిందముడి ముఖం మంచులో కూరుకుపోయింది.

పల్లకి కదిలింది. లేచి పది దూకులు దూకితే తెర అందుతుంది. కత్తి మొలలోనే ఉంది. ఒక్క వేటుతో తాడు తెగుతుంది. అతని చెయ్యి పిడిదాకా వెళ్ళింది. చెయ్యి కర్రను వదలగానే తాడు జానెడు జారింది.

“వదిలెయ్!” గోతిలోంచి బయ్యన్న అరిచాడు. “అదిగో పోతోంది! వెళ్ళి ఆ గొంతు తెచ్చుకో!”

అరిందముడు పిడి వదిలేసి మళ్ళీ కర్ర పట్టుకున్నాడు.

“నీ చేతిలో కర్ర ఉందా?” అని అరిచాడు.

“ఒకటుంది.”

“గోడకు పొడువు. దిగిందా? దాని మీద బరువు వేసి కాలు పెట్టు. ఇప్పుడు పైన ఇంకో చోట పొడువు. నేను పట్టుకునే ఉన్నా. తొందరపడకు.”

పల్లకి గంటలు కనుమ మలుపులో సన్నగిల్లి వినపడకుండా పోయాయి. పున్నమికి ఇంకా మూడు రోజులున్నాయి. కింద నీలిచీకటిలో ఇనుప పొన్ను మంచును ఠక్కుమని కరిచింది. తాడు కాస్త తేలికైంది. ఠక్కుమని మళ్ళీ కరిచింది.

“ఇంకోటి,” అన్నాడు అరిందముడు.